ఇసకపల్లి పలక

ఆ ఏడు రావాల్సిన ఓడ
కృష్ణపట్నం రేవుకి రాలేదంట.
అంతే. యుద్ధం లేదు, వీరుడూ లేడు.
ముత్తాతలు రెండు తుపాన్ల కాలం ఎదురుచూసి
గోదాము తాళం పీకి
తలుపు చెక్కతో పడవ చేసుకున్నారు.

అప్పట్నుంచీ మాకు దొర లేడు, రాజు లేడు,
ఉప్పుకి ముద్ర లేదు.
కాలవ లాకు ఎత్తేవాడికి
ఎత్తినంత సేపటి కూలి.
దించినాక ఆ నీళ్ళెవరివో నీళ్ళకే తెలీదు.

మా చట్టం పలక మీద ఉంటుంది,
మార్కాపురం నుంచి బండ్ల మీద వచ్చే నల్ల పలక.
రాసుకున్నవాళ్ళు ఏడాది తిరగ్గానే
మళ్ళీ ఎదురెదురు కూచుని సరేననుకోవాలి.
ఒకడు తల అడ్డంగా ఊపినా తడిగుడ్డే.
తాతలకి దండం పెడతాం,
వాళ్ళ వేలిముద్రకి కాదు.

నేను పలకలు రాసేవాణ్ణి. కాలేషా అంటారు.
బలపం ఒరిసి ఒరిసి చూపుడువేలు గుంటపడింది.
ఒక సంగతి మటుకు ఎవరికీ చెప్పలా.
పాత పలక తుడిచి, దీపానికి ఏటవాలుగా పడితే
మేం రాయని రాతలు కనపడతాయి.

అదీ ఇసకపల్లే. ఇవే ఉప్పు కయ్యలు.
అక్కడ ఆ ఓడ వచ్చింది.
అక్కడ ఉప్పురాశి మీద చెక్కముద్ర,
ముద్ర చెదిరితే జైలు.
పిడికెడు ఎత్తుకున్న ముసలామె వీపు మీద ఏవో చారలు.
బలపం గీతలనుకున్నా మొదట.
అక్కడి కట్ట మాత్రం
రాయి పేర్చి, సున్నం పట్టించి,
ఎవర్నీ అడక్కుండా కట్టినంత గట్టిగా ఉంది.

ఆ రాతల్లోనే ఒకనాడు:
"చౌటూరి అంకమ్మ, యానాది,
ప్రతిరోజూ పొద్దుగూకిన పిమ్మట
ఠాణాకు వచ్చి వేలిముద్ర వేయవలెను."
ఏం చేసిందని?
ఆ గడి ఖాళీగా ఉంది.

మా అంకమ్మకి ఇదేం తెలీదు.
తెలీకుండానే కట్ట పలక ముందు వేలు మడిచింది.
ఈ కార్తీకంలో సముద్రం వాసన మారిందని
నలభై ఇళ్ళవాళ్ళం కట్ట ఎత్తుకుందామనుకున్నాం,
ఇంటికి ఇరవై గంపల మన్ను.
ముప్ఫైతొమ్మిది వేళ్ళు పడ్డాయి.
"నా కయ్య కాడ నేనుండా గదా, యేలు దేనికబ్బయ్యా?
బుద్ధయితే పోస్తా. రాసి మటుకు ఇయ్యను."
బతిమాలటం మా హక్కు, కాదనటం ఆమెది.
బతిమాలినాం.
పెంచలరెడ్డి ఎండుచేపలు కూడా పంపాడు.
చేపలు తినింది.

తుపాను రాత్రి ఆమె పోసింది, అబద్ధమాడకూడదు.
లాంతరు లేకుండా, పిల్లోడి డొక్కుతట్టతో,
ఒంటిమనిషి మోయగలిగినంత మన్ను.
కట్ట అక్కడే తెగింది.
తెల్లారేసరికి పదకొండు రాశులు
వచ్చిన దారినే సముద్రంలోకి పోయినాయి.

ఇప్పుడు నా పంచ నిండా బురదకాళ్ళు.
అరుపుల్లేవు, అదే నాకు భయం.
పెంచలరెడ్డి పలక నా ఒళ్ళో పెట్టి
"రాయి కాలేషా" అన్నాడు.
"కట్ట కాడ మటుకు, ఒక్క కట్ట కాడ మటుకే, అందరూ..."
ఆగిపోయాడు.
ఆ తర్వాతి మాట మా నోళ్ళకి కొత్త.
అందించింది నేనే:
తప్పదు.

మూడక్షరాలు. బలపం కీచుమంది.
అంకమ్మ అరుగు కింద నిలబడి ఉంది,
జుట్టులో ఇంకా నాచు.
పోయిన పదకొండిట్లో ఒక రాశి ఆమెదే.
"ఆ మాటక్కూడా ఏడాదేనా?" అంది.
"తుడిచే రోజు నన్ను పిలస్తారా?"

ఎవరూ బదులు చెప్పలా.
తడిగుడ్డ కోసం తడుముకున్నా.
ఎవరి కాళ్ళ కిందో ఉంది.
ఎవరో లాంతరు పక్కకి జరిపారు,
వెలుగు ఏటవాలుగా పడి
నేను రాసిన మాట కింద
చెక్కముద్ర అంచు లాంటిదేదో కనపడింది.
నీటి చార కూడా అయ్యుండొచ్చు.

గండి ఇంకా తెరిచే ఉంది.
బయట పోటు మొదలవతా ఉంది.